గంజాం అచ్చులో స్వరాజ్యం

మద్రాసు రాష్ట్రానికి ఈశాన్య కొసన ఉన్న గంజాం జిల్లాలో తెలుగు, ఒడియా ఇరుగుపొరుగుగా బతికాయి, ఒకదానితో ఒకటి పోట్లాడాయి. బ్రిటిష్ ఏలుబడిలో జాతీయోద్యమం ఇక్కడికి పత్రికల రూపంలోనే వచ్చింది. ఆ స్వరాజ్యం ఏ భాషలో మాట్లాడాలన్న ప్రశ్న కూడా వాటితోపాటే వచ్చింది. బరంపురం, పర్లాకిమిడి ఆ ప్రశ్నకు చెప్పుకున్న జవాబులు నేటి మన పత్రికల భాషలో ఇంకా వినిపిస్తున్నాయి.

1913 ఏప్రిల్ 13, ఆదివారం. బరంపురంలో ‘ఆశ’ అనే ఒడియా వారపత్రిక తొలి సంచిక బయటికి వచ్చింది. దాన్ని నడిపిన శశిభూషణ్ రథ్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. ఆరు వారాలు తిరిగేసరికి, మే 26న, బాపట్లలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. గంజాం నుంచి నెల్లూరు దాకా, రాయలసీమ దాకా తెలుగువాళ్ళంతా ఒక రాష్ట్రం కావాలన్న మాట అక్కడ సభకెక్కింది. అదే ఏడాది బరంపురం వకీలు వరాహగిరి వెంకట జోగయ్య పంతులుగారి అబ్బాయి వెంకటగిరి, అంటే తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి.గిరి, న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు బయలుదేరాడు. అతనికి పందొమ్మిదేళ్ళు. అదే జిల్లాలో, పర్లాకిమిడిలో, ఉద్యోగం నుంచి విరమించిన గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాష కోసం పండితులతో హోరాహోరీగా తలపడుతున్నారు.

ఈ నాలుగూ విడివిడి సంగతుల్లా కనిపిస్తాయి. మన చరిత్ర పుస్తకాల్లోనూ నాలుగు వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. ఒకటి ఒడిశా చరిత్రలోకి, ఒకటి ఆంధ్రోద్యమంలోకి, ఒకటి రాష్ట్రపతుల జీవిత చరిత్రల్లోకి, ఒకటి భాషా చరిత్రలోకి వెళ్ళిపోయాయి. గంజాంలో నిలబడి చూస్తే మాత్రం నాలుగూ ఒకే తీగకు కాసిన కాయలు. ఆ తీగ పత్రిక.

పత్రికలు జాతీయభావాన్ని పెంచాయని బడిలో అందరం చదువుకున్నాం. అది నిజమే, కానీ సగం నిజం. పత్రిక ఏదో ఒక భాషలో రావాలి. ఒక లిపిలో అచ్చు కావాలి. ఆ భాష చదివేవాళ్ళున్న మేరకే అది పోగలదు. ఒకే భాష ఉన్న కృష్ణా జిల్లాలోనో పూనాలోనో ఈ సంగతి ఎవరికీ తట్టలేదు, తట్టాల్సిన అవసరమూ రాలేదు. గంజాంలో మాత్రం ప్రతి వీధి మలుపులోనూ అదే ఎదురయ్యేది.

రెండు దిక్కుల నుంచి రైలు

ఇప్పటి గంజాం జిల్లాను బట్టి అప్పటి గంజాంను ఊహించుకోకూడదు. 1936 దాకా అది మద్రాసు రాష్ట్రంలో భాగం. చిలికా సరస్సు ఒడ్డున ఉన్న రంభ, కళ్ళికోటల దగ్గర మొదలై బరంపురం, మందస, టెక్కలి, పర్లాకిమిడి మీదుగా శ్రీకాకుళం దాకా ఒకటే జిల్లా. కలెక్టరు కచేరీ ఛత్రపురంలో ఉండేది. జిల్లాలో పెద్దది మాత్రం బరంపురమే. పట్టు నేతకు పేరుపడ్డ ఊరు. అక్కడ మగ్గాల మీద కూర్చున్న దేవాంగుల పూర్వులు గోదావరి సీమ నుంచి వచ్చినవాళ్ళని చెప్పుకుంటారు. వాళ్ళు నేసిన చీర ఒడియా పేరుతోనే ప్రసిద్ధి. ఆ ఊరి స్వభావం అంతా ఆ చీరలోనే ఉంది.

1890ల నడుమ బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం పడింది. 1902 నాటికి వాల్తేరుకు ఉత్తరాన ఉన్న భాగం బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వచ్చింది. మద్రాసు ఇక్కడికి వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు, కలకత్తా ఆరు వందలు. రైలు రాకముందు ఈ ఊరికి వార్త అంటే సముద్రం మీద రావాలి, లేకపోతే తపాలా బంట్రోతు కాళ్ళ మీద రావాలి. రైలు వచ్చాక మద్రాసు పత్రికలు దక్షిణం నుంచి, కలకత్తా పత్రికలు ఉత్తరం నుంచి బరంపురం స్టేషనులో దిగడం మొదలైంది. హైకోర్టు మద్రాసులో ఉంది కాబట్టి ప్లీడర్లు ‘హిందూ’ తెప్పించేవాళ్ళు. వంగదేశంలో స్వదేశీ ఉద్యమం రగిలినప్పుడు ఆ వేడి మద్రాసు కన్నా ముందు గంజాంకు తగలడానికి కారణం ఈ పట్టాలే.

తెలుగు పత్రికలు ఆ తర్వాత బలపడ్డాయి. 1902లో బందరులో కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు మొదలుపెట్టిన ‘కృష్ణా పత్రిక’కు 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు సంపాదకులు. నలభై ఏళ్ళకు దగ్గర ఆ కుర్చీలో ఆయనే. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ‘ఆంధ్రపత్రిక’ను వారపత్రికగా పెట్టి, మద్రాసుకు తరలించి, 1914 ఏప్రిల్ 1న దినపత్రిక చేశారు. అమృతాంజనం అమ్మిన డబ్బు పత్రికకు ఊపిరిపోసింది. దినపత్రిక నడపాలంటే సంపాదకుడికి ధైర్యం ఒక్కటే సరిపోదని, వెనక గట్టి వ్యాపారం ఉండాలని నాగేశ్వరరావు పంతులుగారికి తెలుసు. ఆనాటి పత్రికల్లో చాలావాటికి అది లేకనే అవి నాలుగైదేళ్ళలో మూతపడ్డాయి.

అరుగు మీద ఒక్క ప్రతి

1911 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద చదవను, రాయను వచ్చినవాళ్ళు నూటికి ఆరుగురికి మించలేదు. ఇంత తక్కువ మందితో పత్రిక ఉద్యమాన్ని ఎలా నడిపిందన్న సందేహం సహజం. జవాబు పత్రికలో లేదు, అరుగు మీద ఉంది. ఊరికి ఒకటో రెండో ప్రతులు వచ్చేవి. బడిపంతులుకో, కరణానికో, తపాలా కచేరీ గుమాస్తాకో చందా ఉండేది. సాయంత్రం దీపం పెట్టే వేళకు నలుగురు చేరేవాళ్ళు. చదవడం వచ్చినాయన పైకి చదివేవాడు. మగ్గం దిగి వచ్చిన నేతగాడు, బండి కట్టేవాడు, కొట్టు కట్టేసి వచ్చిన కోమటి వినేవాళ్ళు. మధ్యలో ప్రశ్నలు. చదివేవాడు ఆగి తన మాటల్లో విప్పి చెప్పాలి.

ఈ విప్పి చెప్పడంలోనే చిక్కంతా ఉంది. అప్పటి తెలుగు పత్రికలు గ్రాంథికంలో వచ్చేవి. అరసున్నలు, శకట రేఫలు, ద్రుతాలు తప్పకుండా పడాలి. చదివేవాడికి అర్థమైతే విన్నవాడికి కాదు. ఒకే వాక్యాన్ని రెండుసార్లు చెప్పాలి, ఒకసారి అచ్చులో ఉన్నట్టు, ఇంకోసారి మనుషులు మాట్లాడుకునేట్టు. స్వరాజ్యం గురించి రాసింది సామాన్యుడి చెవికి చేరడానికి మధ్యలో ఒక దుబాసీ కావలసి వచ్చాడు. ఇంగ్లీషు ప్రభుత్వానికి దుబాసీ కావాలంటే సరే. సొంత భాష పత్రికకు కూడానా? ఈ బాధే గంజాంలో ఒక పెద్ద ఉద్యమానికి విత్తనం. అక్కడికి వస్తాను.

ప్రభుత్వానికీ దుబాసీలున్నారు. మద్రాసులో దేశభాషా పత్రికలన్నింటినీ చదివి, కాస్త కటువుగా ఉన్న వ్యాసాలను ఇంగ్లీషులోకి మార్చి, రహస్య నివేదికలుగా అచ్చువేసి అధికారులకు పంచేవాళ్ళు. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, హిందుస్తానీ, ఒడియా, ఏ భాషా తప్పించుకోలేదు. వందేళ్ళ కింద ఒక చిన్న ఊరి పత్రిక ఏం రాసిందో ఇవాళ తెలుసుకోవాలంటే చాలాసార్లు ఆ నివేదికలే దిక్కు. మనం పత్రికల కట్టలను చెదలకు వదిలేశాం. మనల్ని అణచడానికి కూర్చినవాళ్ళు మాత్రం భద్రంగా దాచారు. ఇది నాకు ఎప్పుడు తలుచుకున్నా మనసు చివుక్కుమనే విషయం.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. 1867 నాటి చట్టం ప్రకారం ప్రెస్సు పెట్టినవాడు మేజిస్ట్రేటు ముందు ప్రకటన దాఖలు చేయాలి. అది లెక్క కోసం. 1908లో బెజవాడ ‘స్వరాజ్య’ పత్రికలో తిరునల్వేలి కాల్పుల మీద రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలు పాలయ్యారు. తొలి తెలుగు రాజకీయ ఖైదీ ఆయనేనని చెప్పుకుంటాం. 1910లో వచ్చిన ప్రెస్ చట్టం ఇంకా తెలివైనది. నేరం చేశాక శిక్షించడం కాదు, పుట్టకముందే గొంతు పట్టుకోవడం. కొత్తగా ప్రెస్సు పెట్టేవాడు 500 నుంచి 2,000 రూపాయల దాకా ధరావతు కట్టాలి. ప్రభుత్వానికి నచ్చని మాట పడితే ఆ డబ్బు జప్తు. రెండోసారి 10,000 దాకా. ఆ తర్వాత అచ్చుయంత్రమే జప్తు. బడిపంతులు జీతం నెలకు పది పదిహేను రూపాయలున్న రోజులవి. వాక్యం రాసేముందు సంపాదకుడికి తన ప్రెస్సులో పనిచేసేవాళ్ళ పిల్లల అన్నం కళ్ళ ముందు మెదిలేది.

‘ఆశ’ ఈ చట్టం నీడలోనే పుట్టింది.

బరంపురం ప్రెస్సులో

ఆ కాలపు ప్రెస్సు లోపలికి ఒకసారి తొంగిచూడాలి. ఏటవాలుగా నిలబెట్టిన చెక్క పెట్టెలు, వాటిలో చిన్న చిన్న గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో సీసపు అక్షరం. కంపోజిటరు ఎడమచేతిలో ఇనప పట్టీ పట్టుకుని, కుడిచేత్తో అక్షరాలు ఏరి పేరుస్తాడు. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. రోమన్ లిపికి వంద నూటయాభై గళ్ళు చాలు. తెలుగుకూ, ఒడియాకూ చాలవు. గుణింతాలన్నీ విడిగా పోతపోయాలి, ఒత్తులు విడిగా. కంపోజిటరు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉండాలి. ఇంగ్లీషు పత్రిక పేజీ పేర్చే వేళకు మన పత్రిక పేజీ సగం కూడా కాదు. అచ్చయిన ఫారం విప్పి, అక్షరాలు కడిగి, మళ్ళీ గళ్ళలో సర్దితేగాని తర్వాతి పేజీకి టైపు ఉండదు. బరంపురంలో ప్రెస్సు అంటే తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింటికీ పెట్టెలు కావాలి. పెళ్ళి శుభలేఖ తెలుగులో, కోర్టు కాగితం ఇంగ్లీషులో, పత్రిక ఒడియాలో. సీసం పొడి ఊపిరితిత్తుల్లోకి పోతూ, నూనె దీపం వెలుగులో కళ్ళు పోతూ పనిచేసిన ఆ కంపోజిటర్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు. జాతీయోద్యమపు అక్షరాలన్నీ వాళ్ళ వేళ్ళ మీదుగా నడిచినవే.

శశిభూషణ్ రథ్ వారపత్రికతో మొదలుపెట్టి పదిహేనేళ్ళు నిలదొక్కుకున్నారు. ఒడియా జాతీయ నాయకుడు గోపబంధు దాస్ పత్రిక ‘సమాజ్’ 1919లో వచ్చింది. అంతకు ముందు ఆయన చుట్టూ ఉన్న సత్యవాది బడి బృందానికి ‘ఆశ’ వేదిక. 1928లో రథ్ దాన్ని దినపత్రిక చేశారు. ఒడియాలో తొలి దినపత్రికగా చరిత్రకారులు లెక్కించేది దాన్నే. అది కటకంలో పుట్టలేదు, పూరీలో పుట్టలేదు. మద్రాసు ప్రభుత్వం కింద, తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్న బరంపురంలో పుట్టింది. ఎందుకని?

పోరు ఎక్కడ ఉంటే పత్రిక అక్కడ పుడుతుంది. ఒడియా పత్రికల కథ మొదటి నుంచీ అంతే. 1866లో లక్షలాదిమందిని పొట్టనపెట్టుకున్న కరువు ఏడాదే కటకంలో గౌరీశంకర్ రాయ్ ‘ఉత్కళ దీపిక’ వెలిగించారు. నాలుగేళ్ళకు ఒక బెంగాలీ ఉపాధ్యాయుడు ఒడియా స్వతంత్ర భాషే కాదని పుస్తకం వేస్తే ఆ పత్రికే ఎదురు నిలిచింది. కటకంలో ఒడియాకు బెంగాలీతో పేచీ. సంబల్పూర్‌లో హిందీతో. గంజాంలో ఎవరితో? మనతోనే.

ఈ మాట తెలుగు పత్రికలో తెలుగువాడే రాయాలి. కచేరీల్లో గుమాస్తాలు, కోర్టుల్లో ప్లీడర్లు, బడుల్లో పంతుళ్ళు చాలావరకు తెలుగువాళ్ళు. అర్జీ పెట్టుకోవడానికి వచ్చిన ఒడియా రైతుకు తన భాషలో మాట్లాడే గుమాస్తా దొరకడం కష్టం. ఇది తెల్లవాడు చేసిన అన్యాయం కాదు, అతని కింద కుర్చీ దొరికిన మనవాళ్ళ నిర్లక్ష్యం. 1870ల నుంచీ గంజాం ఒడియాలు సభలు పెట్టి, అర్జీలు రాసి, పత్రికలు నడిపి మొత్తుకున్నారు. 1903లో రిజ్లే పేరుతో వెలువడిన ప్రభుత్వ లేఖ ఒడియా ప్రాంతాలన్నీ ఒక చోట చేర్చమంటే మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. గంజాం తెలుగువాళ్ళు దానికి సంతోషించారు. మద్రాసులో తమిళుల పెత్తనం కింద మనం నలిగిపోతున్నామని మన పత్రికలు రాస్తున్న రోజుల్లోనే బరంపురంలో మన పెత్తనం గురించి ఒడియా పత్రికలు రాశాయి. రెండు ఫిర్యాదుల్లోనూ మాటలు ఒకటే. మన పెద్దలకు ఒకటి వినిపించింది, రెండోది వినిపించలేదు.

డబ్లిన్‌లో బరంపురం కుర్రాడు

బరంపురం నుంచి డబ్లిన్ వెళ్ళిన వి.వి.గిరికి భాషకూ, పత్రికకూ, స్వాతంత్ర్యానికీ ఉన్న లంకె ఇంకో దేశంలో కనిపించింది. ఐర్లండు అప్పటికి బ్రిటిష్ ఏలుబడిలోనే ఉంది. యూనివర్సిటీ కాలేజీలో ఆయనకు ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డోనా కవి, పత్రికల మనిషి. తిరుగుబాటు నాయకుడు పాట్రిక్ పియర్స్ కొన్నేళ్ళపాటు ఐరిష్ భాషోద్ధరణ కోసం నడిచిన గేలిక్ లీగ్ పత్రికకు సంపాదకుడు. కార్మిక నాయకుడు జేమ్స్ కానలీ కూడా సొంత పత్రిక నడిపాడు. భాష పోతే దేశం పోయినట్టేనని నమ్మి, ఆ నమ్మకాన్ని వారంవారం అచ్చువేసిన మనుషులు వీళ్ళు.

దక్షిణాఫ్రికాలో భారతీయులు పడుతున్న బాధల మీద డబ్లిన్‌లోని మన విద్యార్థులు ఒక కరపత్రం వేశారు. పోలీసు నిఘా అప్పటి నుంచే మొదలైంది. ఐరిష్ జాతీయవాదుల పత్రికలోనూ, కాలేజీ పత్రికలోనూ భారతీయ విద్యార్థులు పేర్లు లేకుండా వ్యాసాలు రాశారు. 1916 ఈస్టర్ వారంలో తిరుగుబాటు లేచి అణగారిపోయింది. పియర్స్, మెక్‌డోనా, కానలీలను తుపాకులతో కాల్చి చంపారు. పాఠం చెప్పిన గురువును కాల్చేశారన్న వార్త పత్రికలో చదివిన ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడి మనసు ఎలా ఉంటుంది? ఆ జూన్‌లోనే గిరి బారిస్టరు పట్టా పుచ్చుకున్నారు. జూలై 1 లోపు దేశం విడిచిపోవాలని తాఖీదు వచ్చింది. కాలేజీ చదువు మధ్యలో వదిలి ఇంటికి వచ్చేశారు.

ఆయన ఇల్లు అప్పటికే ఉద్యమానికి అలవాటుపడుతున్న ఇల్లు. తండ్రి జోగయ్య పంతులు తర్వాతి కాలంలో స్వరాజ్య పార్టీ తరఫున ఢిల్లీ కేంద్ర శాసనసభలో కూర్చున్నారు. తల్లి సుభద్రమ్మ మద్యం దుకాణాల ముందు నిలబడి అరెస్టయ్యారు. కల్లు, సారాయి దుకాణాల ముందు నిరసన చేసినందుకు 1922లో గిరి జైలుకు వెళ్ళారు. డబ్లిన్‌లో కానలీ దగ్గర చూసిన కార్మిక ఉద్యమం మాత్రం ఆయనకు రైలు పట్టాల మీద పనికొచ్చింది. బరంపురానికి పత్రికలు మోసుకొచ్చిన ఆ బెంగాల్ నాగపూర్ రైల్వేలోనే కార్మిక సంఘం కట్టి, 1928లో సమ్మె నడిపించారు.

పర్లాకిమిడి పంతులు, బరంపురం శిష్యుడు

ఇప్పుడు అరుగు మీద ఆగిన కథ దగ్గరికి.

గిడుగు రామమూర్తి ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న పుట్టారు. ఆ పుట్టిన తేదీనే నేడు మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. కొండల్లోని సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పాలని సొంత డబ్బుతో బడులు పెట్టారు. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా, కొండమీద సవర. మూడు భాషల మధ్య రోజూ తిరిగే మనిషికి ఒక సత్యం తేలిగ్గా బోధపడుతుంది. జనం నోట ఉన్న భాషే భాష, పండితుడి పుస్తకంలో ఉన్నది దాని నీడ. రాజమండ్రిలోనో బందరులోనో కూర్చున్నవాడికి అది అంత త్వరగా తట్టేది కాదని నా నమ్మకం. వ్యావహారిక భాషోద్యమం విశాఖ, విజయనగరం, గంజాంల మధ్య పుట్టిందంటే అది యాదృచ్ఛికం కాదు. సరిహద్దు మనిషి తన భాషను దినమూ ఇతర భాషల పక్కన పెట్టి చూసుకుంటాడు.

గిడుగువారు కాంగ్రెసు వేదికలెక్కిన మనిషి కారు. ప్రభుత్వ బిరుదులు పుచ్చుకున్నారు. అయినా స్వరాజ్యానికి ఆయన చేసిన మేలు వేదిక ఉపన్యాసాలకు తీసిపోదంటాను. పత్రిక పైకి చదివితే నేతగాడికి నేరుగా అర్థమయ్యే రోజు రావాలంటే ముందు ఆయన గెలవాలి. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయాన్ని వాడుక భాషకు ఒప్పించలేక ఆయన ఓడిపోయారు. ఊరుకోలేదు. 1919లో పర్లాకిమిడి నుంచి ‘తెలుగు’ అని మాసపత్రిక పెట్టి, పాత శాసనాల నుంచీ కావ్యాల నుంచీ ఉదాహరణలు తవ్వి తీసి వాదన నడిపారు. ఏడాది మించి సాగలేదు ఆ పత్రిక. పత్రిక ఆగినా వాదన ఆగలేదు.

ఆయన దగ్గర పర్లాకిమిడిలో చదువుకున్న ఒక కుర్రాడు 1887 సెప్టెంబరు 19న బరంపురంలో పుట్టాడు. పేరు తాపీ ధర్మారావు. ఆ తర్వాత బరంపురం కళ్ళికోట రాజావారి కాలేజీలో లెక్కలు చెప్పాడు. 1911లో స్నేహితులతో కలిసి బరంపురంలో ‘వేగుచుక్క గ్రంథమాల’ పెట్టాడు. ఆ ఏడాదే ‘ఆంధ్రులకొక మనవి’ అనే తొలి రచన అచ్చువేశాడు. మొదట్లో ఆయనదీ గ్రాంథికమే. గురువుగారి దారికి రావడానికి కొన్నేళ్ళు పట్టింది. మద్రాసు చేరి, ‘కొండెగాడు’, ‘సమదర్శిని’ పత్రికల్లో కలం సానబట్టి, 1930లలో ‘జనవాణి’ చేతికొచ్చాక ఆయన చేసిన పని తెలుగు పత్రికల రూపమే మార్చేసింది. వార్త నుంచి సంపాదకీయం దాకా వాడుక భాషలో రాశారు. అప్పటికి పెద్ద పత్రికలు ఆ సాహసం చేయడానికి జంకుతున్నాయి.

ఇక్కడ ఒక మాట. ‘సమదర్శిని’ కాంగ్రెసు పత్రిక కాదు, జస్టిస్ పార్టీ వైపు పత్రిక. స్వరాజ్యం అంటే తెల్లవాడు పోవడం ఒక్కటేనా, ఊళ్ళో కులం పెత్తనం పోవడం కూడానా అని అడిగిన పత్రికలు ఇవి. కాంగ్రెసు పత్రికలు వీటిని ద్రోహులుగా చూశాయి. ఇంత కాలం గడిచాక చూస్తే రెండూ మన ఇంటి పత్రికలే. జనం భాషలో రాయాలన్న పట్టుదల, జనంలో అందరినీ మనుషులుగా చూడాలన్న పట్టుదల తాపీవారిలో ఒకదాన్నొకటి బలపరిచాయి. ఆయన జర్నలిజాన్ని పక్కన పెట్టి ‘మాలపిల్ల’ సినిమా మాటల రచయితగా మాత్రమే గుర్తుపెట్టుకోవడం మన అన్యాయం.

ఏప్రిల్ 1

గాంధీజీ 1921 మార్చిలో ఒకసారి, 1927 డిసెంబరులో మరోసారి బరంపురం వచ్చారు. 1930లో ఉప్పు సత్యాగ్రహం చిలికా దగ్గరి హుమ్మ ఉప్పు కొఠార్ల దాకా పాకింది. సరళాదేవి లాంటి ఒడియా వనితలు జైలుకెళ్ళారు, తెలుగువాళ్ళూ వెళ్ళారు. ప్రభుత్వం కొత్త ఆర్డినెన్సుతో పత్రికల మీద మళ్ళీ ధరావతు కత్తి ఎత్తింది. 1931లో దాన్ని చట్టం చేసింది. జైల్లో ఉన్నంతసేపు ఈ రెండు భాషలవాళ్ళూ ఒకటే. బయటికి వస్తే ‘గంజాం ఎవరిది?’

ఈ ప్రశ్న కాంగ్రెసు లోపలికీ వచ్చేసింది. ఆంధ్రకు విడి కాంగ్రెసు సంఘం 1918లో వచ్చింది. 1920 నాగపూరు మహాసభ భాషల వారీగా రాష్ట్ర సంఘాలను ఒప్పుకున్నాక ఉత్కళకూ విడిగా వచ్చింది. బరంపురం ఏ సంఘం కిందికి రావాలన్న తగాదా మొదలైంది. 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు ఊరూరా తిరిగి ఒడియాలు ఏమంటున్నారో విచారించారు. 1931లో ఓడోనెల్ సంఘం సరిహద్దు గీయడానికి వచ్చింది. తెలుగు పత్రికలు తెలుగు లెక్కలు వేశాయి, ‘ఆశ’ ఒడియా లెక్కలు వేసింది. ఒకే వీధి, ఒకే జనాభా లెక్కల పుస్తకం, రెండు తీర్పులు.

ఈ తగాదాను చూపించి పత్రికలు జాతీయతను పెంచలేదు, చీల్చాయి అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. రాజు చేతిలోనో, కలెక్టరు చేతిలోనో ఉండిపోయిన హద్దుల ప్రశ్నను రైతూ నేతగాడూ మాట్లాడుకునే ప్రశ్నగా మార్చింది ఈ పత్రికలే. మా ఊరు ఏ రాష్ట్రంలో ఉండాలో మేమే చెబుతామనడం నేర్చినవాడు, మా దేశాన్ని ఎవరు ఏలాలో మేమే చెబుతామనడం కూడా అక్కడే నేర్చాడు. లోపం ఎక్కడుందంటే, ఈ పత్రికలు ఒకదాన్నొకటి చదవలేదు. ఒకే ఊళ్ళో అచ్చయినవాటిని అనువదించి చదివింది మద్రాసు రహస్య విభాగం గుమాస్తాలు. పక్కింటివాళ్ళు కాదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. ‘ఆంధ్రపత్రిక’ దినపత్రికగా మారి ఆ రోజుకు ఇరవై రెండేళ్ళు. బరంపురం ఒరిస్సాలో కలిసింది. శ్రీకాకుళం, టెక్కలి మద్రాసు రాష్ట్రంలోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. పర్లాకిమిడి జమీ రెండు ముక్కలైంది, పట్నం ఒరిస్సాలోకి వెళ్ళింది. ఆ చేర్పును గిడుగువారు చివరిదాకా వ్యతిరేకించారు. యాభై ఏళ్ళకు పైగా బతికిన ఊరు. సవర బడులు పెట్టిన ఊరు. కొత్త రాష్ట్రం ప్రారంభమయ్యే వేళకు ఆ ఊళ్ళో ఉండలేక, డెబ్బై రెండేళ్ళ వయసులో రాజమండ్రికి వచ్చేశారు.

శశిభూషణ్ రథ్ బరంపురంలోనే ఉండి 1943లో కన్నుమూసేదాకా అక్షరాన్ని వదలలేదు. ఒకరికి గెలుపు, ఒకరికి వలస. ఇద్దరూ కోరింది ఒకటే, తన జనానికి తన భాషలో చదువు, పాలన. కొత్త హద్దు ఒకరి కోరిక తీర్చి ఇంకొకరి గుండె కోసింది. బరంపురంలో మిగిలిన తెలుగువాళ్ళు అప్పటి నుంచీ ఒడియా నేర్చుకుంటూ, ఇంట్లో తెలుగు నిలుపుకుంటూ వచ్చారు. ఒకప్పుడు ఒడియా రైతు కచేరీ ముందు పడ్డ అవస్థ ఏమిటో వాళ్ళకు కొంత తెలిసింది.

గిడుగువారు రాజమండ్రి వెళ్ళాక కూడా మాట్లాడదలచుకున్నది పత్రికల వాళ్ళతోనే. 1940 జనవరి 15న ‘ప్రజామిత్ర’ కార్యాలయంలో సంపాదకులను ఉద్దేశించి తన చివరి విన్నపం వినిపించారు. పరీక్షల కోసమో పండితుల మెప్పు కోసమో కాక జనం కోసం రాయమని, వాళ్ళ నోట బతికే తెలుగునే అచ్చులో పెట్టమని అడిగారు. విశ్వవిద్యాలయాలు వినకపోయినా సంపాదకులు వింటే చాలని ఆయనకు నమ్మకం. వారం తిరిగేసరికి, జనవరి 22న, ఆయన వెళ్ళిపోయారు. ‘జనవాణి’ అప్పటికే దారి చూపించింది. మిగతా పత్రికలు ఒక్కొక్కటే ఆ దారి పట్టాయి.